రైలు కిటికీకి కనబడాల్సిన పేరు

1948 చలికాలం. రజాకార్ల గొడవ అణిగి, ఊళ్ళు వదిలి పారిపోయినవాళ్ళు ఒక్కొక్కరే తిరిగొస్తున్న రోజులు. మానుకోట స్టేషన్ దగ్గర మా ప్రెస్సు. పెళ్ళి పత్రికలు, నాటకాల వాల్‌పోస్టర్లు వేసేవాళ్ళం. పోస్టర్ల కోసం చెక్కతో పెద్దక్షరాలు చెక్కడం నా పని. వాటిని ఉడ్ టైప్ అంటారు. నా అక్షరాలంటే నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

ఒకనాడు గూడూరు వైపు నుంచి మల్లవ్వ అనే పెద్దామె వచ్చింది. రజాకార్లు ఇల్లు తగలబెట్టినప్పుడు అడవిలోకి పరుగెత్తి బతికింది. బెజవాడకు కూలికి పోయిన కొడుకేమో తల్లి ఆ ఇంట్లోనే కాలిపోయిందనుకుని మళ్ళీ ఊరి ముఖం చూడలేదు. మొన్న వాళ్ళ ఊరాయన అతన్ని కాజీపేట బండిలో చూసి కేకేశాడట. వినిపించలేదట. కూలికి ఆ దారినే వస్తూ పోతుంటాడని, మళ్ళీ ఈ స్టేషన్ మీదుగా వెళ్తాడని ఆమె ఆశ.

"గోడకు కాయితం ఏయి నాయినా. రైల్లకెల్లి కనబడాలె. మావోడు సంఘపోళ్ళ బడిల నేర్సిండు, కూడబలుక్కుని సదువుతడు."

కొడుకు పేరు లక్ష్మీనర్సయ్య. నాటకాలకు వాడే లావాటి ఒంపుల అక్షరాలతో పేర్చాను. ఒక్క వరుసలో పట్టక పేరు రెండు ముక్కలైంది. మల్లవ్వ పై వరుస మీద వేలు పెట్టి "గిదేంది?" అంది. "లక్ష్మి" అన్నాను.

"ఆడోళ్ళ పేరనుకుని ముఖం తిప్పుకోడా? కింద సూసేసరికి బండెల్లిపాయె!"

నాకు ఒళ్ళు మండింది. కానీ ఆమె అన్నది నిజమే. ఈసారి కొత్త అక్షరాలే చెక్కాను. నిలువు పొడుగు, అడ్డం ఇరుకు, గీత అంతటా ఒకే లావు, సోకులేమీ లేవు. మా భాషలో కండెన్స్‌డ్ బోల్డ్. "లక్ష్మీనర్సయ్యా, అమ్మ బతికే ఉంది, ఇక్కడ దిగు." పేరు ఒక్క వరుసలో ఇమిడింది. స్టేషన్ ఎదుటి గోడకు అతికించాం.

మల్లవ్వ రోజూ ఆ గోడ కిందే కూర్చునేది. బండి కూత వింటే నేను పని వదిలేసి గుమ్మంలోకి వచ్చేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం ఆమె ఒక పడుచువాణ్ణి చెయ్యి పట్టుకుని ప్రెస్సులోకి లాక్కొచ్చింది. వాడి మోకాలు దోక్కుపోయి నెత్తురు కారుతోంది.

"అక్షరాలు మంచిగ కనబడ్డయా తమ్మీ?" అన్నాను, మెచ్చుకుంటాడేమోనని.

"పేరు సదివేసరికే బండి కదిలిందన్నా. 'అమ్మ' దాంక అచ్చిన. బండిలకెల్లి దునికిన."

"బతికున్ననని సదవకుండనే దునికినవారా?" అని మల్లవ్వ వాణ్ణి తిట్టింది, తిడుతూనే ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచేదేముంది.

అప్పటినుంచి పోస్టర్ కోసం ఎవరొచ్చినా ఏం వేయాలని ముందు అడగలేదు. చదివే మనిషెవరు, ఎక్కడి నుంచి చూస్తాడు అని అడిగాను. అక్షరం ముద్దుగా ఉందా లేదా అన్నది ఆ తర్వాతి సంగతి.