వెనుక సీటులో కూర్చున్న సహోదరుడు

సహోదరులారా, సహోదరీలారా, మీ ముందు నిలబడి ఈ మాటలు చెప్పడానికి నాకు సిగ్గుగానే ఉంది, అయినా దాచుకుని బతకడం కంటే ఇదే మేలని చెబుతున్నాను. తాగుడు మానినవాళ్ల సాక్ష్యాలు, రోగం నయమైనవాళ్ల సాక్ష్యాలు మీరు చాలా విన్నారు. నేను తాగలేదు, మంచం పట్టలేదు. నన్ను పట్టింది అనుమానం. అది పదకొండేళ్లు నాతోనే ఉంది, ఆదివారం ఈ గుడిలో కూడా నా పక్కనే కూర్చుంది.

నా పేరు రత్నం. వరంగల్‌లో కరెంటు మీటర్లు తనిఖీ చేసే పని నాది. సీలు తెగిందా, వైరు పక్కకు లాగారా అని ఇల్లిల్లూ తిరిగి చూడడమే ఉద్యోగం కాబట్టి నా కళ్లను ఎవరూ మోసం చేయలేరనుకున్నాను, సాయంత్రం ఇంటికి వచ్చాక కూడా ఆ చూపు మార్చుకోలేదు. నా భార్య సునీత హనుమకొండలో ఒక ప్రైవేటు బడిలో టీచర్. బడి ఎప్పుడు విడుస్తారో నాకు తెలుసు, ఆటోలో ఎంతసేపు పడుతుందో తెలుసు, పది నిమిషాలు ఆలస్యమైతే చాలు, ఆమె ముఖం కాదు, ఆమె చెప్పులకంటిన మట్టి చూసేవాడిని. ఫోన్ తీసి వెతికేవాడిని, ఏమీ దొరకకపోతే తుడిచేసిందనుకునేవాడిని. ఒకరోజు బడి గేటు దగ్గర ఆమె ఎవరో మగమనిషితో నవ్వుతూ మాట్లాడడం చూశాను. లోపలికి వెళ్లి, పిల్లల ముందు, తోటి టీచర్ల ముందు అనకూడని మాటలన్నీ అన్నాను. ఆయన ఒక విద్యార్థిని తండ్రి, బిడ్డకు లెక్కలు బాగా వస్తున్నాయని చెప్పడానికి వచ్చాడు.

మరునాడే సునీత మా అమ్మాయిని తీసుకుని తొర్రూరులో తల్లిగారింటికి వెళ్లిపోయింది. వెళ్లేముందు ఏడవలేదు. "నేను యేడికి పోయినా నీ కండ్లు నా ఎన్కనే ఉంటయి. నాకు జర ఊపిరి తీసుకోవాలని ఉంది" అంది. ఆ మాట విని నేను ఏమనుకున్నానో తెలుసా, అక్కడ ఎవరో ఉన్నారు, అందుకే పోతోంది అనుకున్నాను.

అటువంటి రోజుల్లో మన సంఘం యవ్వనస్థుల నాయకుడు దావీదన్న నా దగ్గరకు వచ్చాడు. చూపులేని ఆడపిల్లల హాస్టల్ కోసం వరంగల్ నుంచి విశాఖపట్నం దాకా సైకిళ్ల మీద వెళ్లి, దారిలో ఊరూరా సంఘాల్లో ఆగి ఆ పిల్లల చదువుకు సాయం అడగాలని ఏడుగురు సిద్ధమయ్యారు. అందులో ఒకటి ఇద్దరు కలిసి తొక్కే పొడుగు సైకిల్. దాని వెనుక సీటులో ఆ హాస్టల్‌లో పాటలు నేర్పే ఇమ్మానుయేలన్న కూర్చుంటాడు. ఆయన స్టేషన్ ఘన్‌పూర్ మనిషి, పుట్టుకతోనే చూపు లేదు.

"ముంగట కూసునేటోడు గట్టోడు కావాలె తమ్ముడు. నువ్వు రోజూ సైకిల్ మీదనే తిరుగుతవు గద" అన్నాడు దావీదన్న.

ఇంతమందిలో నేనే ఎందుకు? నన్ను ఊళ్లో లేకుండా చేసి సునీతతో ఎవరో మాట్లాడదామనుకుంటున్నారేమో అని నా మొదటి ఆలోచన. వద్దంటే నా దగ్గర ఏదో తప్పుందనుకుంటారేమో అని రెండోది. ఆ రెండో భయంతోనే ఒప్పుకున్నాను తప్ప దేవుని మీద ప్రేమతో కాదు.

బయలుదేరిన మొదటి రోజే ఇమ్మానుయేలన్న మీద నా తనిఖీ మొదలైంది. నేను చెప్పకముందే "కాలువ వచ్చిందా తమ్ముడు?" అని అడిగేవాడు. టీ గ్లాసు బల్ల మీద పెడితే చెయ్యి తిన్నగా దాని మీదికే వెళ్లేది. ఎదురుగా లారీ వస్తే తల పక్కకు తిప్పేవాడు. ఈయనకు కొంతైనా కనబడుతోంది, జాలి కోసం నాటకమాడుతున్నాడు, నన్ను కనిపెట్టి దావీదన్నకు చెప్పడానికే వెనుక కూర్చున్నాడు అని నాకు గట్టి నమ్మకం కలిగింది. వెనుక నుంచి ఆయన సన్నగా కీర్తన పాడుతుంటే నాకు వీపు మీద ఎవరో చూస్తున్నట్టే ఉండేది.

మూడో రోజు ఖమ్మం దాటాక, సాగర్ కాలువ గట్టు మీద, మిగతావాళ్లు చాలా ముందుకు వెళ్లిపోయారు. నీళ్లు తాగుదామని సైకిల్ ఆపాను. ఆపినప్పుడల్లా నేల ఎలా ఉందో చెప్పడం నా బాధ్యత. ఆ రోజు కావాలనే గట్టు కోసుకుపోయిన చోట ఆపాను. ఎడమవైపు నేల లేదు. కనబడితే ఈయన కాలు పెట్టడు, ఇవాళ దొరుకుతాడు అనుకుని, "దిగన్నా" అన్నాను, అంతే.

ఆయన ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. దిగమన్నది నేను కాబట్టి దిగాడు.

రాళ్ల మీద దొర్లుతూ నీళ్ల అంచు దాకా వెళ్లిపోయాడు. నేను వెనకాలే దూకి పట్టుకున్నాను గాని, అప్పటికే ముంజేయి చీలి రక్తం కారుతోంది, నుదురు గీసుకుపోయింది. చేతులతో గడ్డిని తడుముకుంటూ "తమ్ముడు, నువ్వు పడలేదు గద?" అని నన్ను అడిగాడు.

దవాఖానలో కుట్లు వేస్తుండగా దావీదన్న వచ్చి ఏం జరిగిందని అడిగితే, నేను కుట్ల సూది వైపు తల తిప్పుకున్నాను. ఇమ్మానుయేలన్నే "నేనే ఆగమాగం దిగిన" అన్నాడు. సహోదరులారా, నా హృదయం ఎంత చెడిపోయిందో చూడండి, అప్పుడు కూడా నేను కృతజ్ఞతతో తల వంచలేదు, ఎందుకు దాస్తున్నాడు, దీన్ని నా మీద ఎప్పుడు వాడుకుంటాడు అనే ఆలోచించాను.

మరునాడు తెల్లవారాక, మేము బస చేసిన చర్చి ఆవరణలో ఆయన ఒక్కడే కూర్చుని ఉంటే వెళ్లి అడిగేశాను.

"అన్నా, నిజం ఎందుకు చెప్పలే?"

"చెప్తె నిన్ను ఇంటికి పంపుతరు."

"అంటే నీకు తెలుసా?"

"ఆగినప్పుడల్లా ఎడమ కాలు పెట్టన్నా, మెల్లగ అన్నా అని చెప్తవు. నిన్న ఊపిరి సుత బిగబట్టినవు. పడ్డంక సమజైంది, నన్ను పరీక్ష పెట్టినవని." కట్టు సర్దుకుంటూ ఆయనే అన్నాడు. "కాలువ ఎట్ల తెలుస్తదనే గద నీ అనుమానం? నీళ్ల మీది గాలి సల్లగ తాకుతది తమ్ముడు. అడిగితె చెప్పకపోదునా?"

"మరి మళ్ల నా ఎన్క ఎట్ల కూసుంటవు?"

"భయమైతాంది. అబద్ధమెందుకు. కాని ఎవలో ఒకల ఎన్క కూసోకుంటె నేను గడప దాటలేను. నిన్ను గూడ గట్లనే ఇడిసిపెట్టబుద్ధి అయితలేదు."

లేచి ఆ గుడి వెనక్కి వెళ్లాను. మట్టిలో మోకాళ్ల మీద పడి నేను చేసిన ప్రార్థన ఇదే: "ప్రభువా, అందరినీ తనిఖీ చేసిన, నన్ను తప్ప. దొంగ నా లోపలనే ఉన్నడు. నా భార్యను గిట్లనే అంచు మీద నిలబెట్టి చూసిన. ఈ కండ్లు నువ్వు తీస్కో, నీ కండ్లు నాకియ్యి." ఎంతసేపు ఏడ్చానో తెలియదు, లేచేసరికి పదకొండేళ్లుగా ఛాతీలో బిగిసి ఉన్నదేదో సడలింది, దేవునికే మహిమ.

బయలుదేరేముందు అందరి ముందూ చేసింది ఒప్పుకున్నాను. సుధాకర్ అనే సహోదరుడు "నువ్వు మనిషివేనా" అన్నాడు. ఆ తర్వాత విశాఖ దాకా నాతో మాట్లాడలేదు, అది న్యాయమే. దావీదన్న "ఇమ్మానుయేలన్నా, వేరేటోని ముంగట కూసోబెడ్తా" అన్నాడు. ఆయన ఒప్పుకోలేదు. కట్టు కట్టిన చేతితోనే తడుముకుంటూ వచ్చి నా వెనుక ఎక్కాడు.

ఆ రోజు నుంచి నేను నోరు మూయలేదు. గుంత వస్తే గుంత, గేదెలొస్తే గేదెలు, మామిడి తోటలు, పామాయిల్ తోటలు, కనబడిందల్లా చెప్పుకుంటూ తొక్కాను. గోదావరి వంతెన మీద ఆయన "జర మెల్లగ తమ్ముడు" అని నది పొడుగునా కీర్తన పాడాడు. చివరి రోజు ఎండలో, విశాఖ ఇసుకలో, ఎనిమిది మందిమీ సైకిళ్లు దింపి సముద్రంలోకి నడిచాము. అల వస్తోందని నేను చెప్పేలోపే ఆయన నా భుజం పట్టుకున్నాడు, పట్టుకుని ఇంకో అడుగు లోపలికి వేశాడు.

తిరిగి వచ్చి తొర్రూరు వెళ్లాను, రమ్మని అడగడానికి కాదు, చేసింది చెప్పడానికి. కాలువ గట్టు సంగతి అంతా విని సునీత, "నేను ఇన్నేండ్లు గసొంటి గట్టు మీదనే ఉన్న" అంది. చాలా నెలలు ఆమె నన్ను చూసింది, నమ్మాలా వద్దా అని. అనుమానించే వంతు ఆమెది, నేను ఓర్చుకున్నాను. ఆ తర్వాత బిడ్డను తీసుకుని ఇంటికి వచ్చింది.

అనుమానం ఇప్పటికీ తలుపు తడుతుంది, దాచను. అది వచ్చినప్పుడు ఫోన్ దగ్గరకు కాకుండా మోకాళ్ల మీదికి వెళ్తున్నాను. ఇక్కడ కూర్చున్నవారిలో ఎవరైనా ఇంట్లో మనిషిని దొంగలా చూస్తుంటే, ఆ మనిషిని కాదు, మీ గుండెను ప్రభువు దగ్గరకు తీసుకురండి. ఆయన నన్ను తోసేయలేదు, మిమ్మల్నీ తోసేయడు.

ఈ ఉదయం సునీత "పని ఉంది, గుడికి జర లేటయితది" అని చెప్పి బయటికి వెళ్లింది. ఎక్కడికో చెప్పలేదు, నేను అడగలేదు. నా పక్కన ఆమెకు చోటు ఉంచి వచ్చి, నెమ్మది గల మనసుతో మీ ముందు నిలబడ్డాను. దేవునికే మహిమ.