రంగుకి రెండు మార్కులు

లోకంలో జగదీశ్వరి చిన్నచూపు చూడనిది ఒక్క అద్దాన్నే.

రామతీర్థం దగ్గర సన్నాయి వాయించే వాళ్ళింట పుట్టింది. ఇంటిల్లిపాదీ చామనచాయ. ఈవిడొక్కతీ దబ్బపండులా పుట్టుకొచ్చింది. ఆనాటి నుంచీ ఇంట్లోవాళ్ళు పిల్లకి ఎండ తగలనివ్వలేదు, దాంతోపాటు బుద్ధీ తగలనివ్వలేదు. పెళ్ళీడు వచ్చాక సంబంధాలొచ్చాయి. ఒకణ్ణి బొగ్గంది, ఇంకొకణ్ణి సగం కాలిన బొగ్గంది. కొన్నాళ్ళకి బొగ్గులు కూడా రావడం మానేశాయి. తండ్రి త్యాగరాజు విసిగిపోయి, పంతొమ్మిదివందల అరవై ఎనిమిదిలో, శ్రీకాకుళంలో నర్సుల బడిలో చేర్పించాడు.

"ఇక్కడైతే రోజూ తెల్లబట్టే. నీ సరదా తీరుతుంది పో," అన్నాడు.

సరదా తీరలేదు సరికదా, ఈసడించుకోవడానికి జనం పెరిగారు. హాస్టలు పప్పు నీళ్ళు, తోటి పిల్లలు మొరటు, కాన్పుకొచ్చిన ఆడవాళ్ళ దగ్గర ఆముదం కంపు. ఒకరు ముట్టుకున్న గ్లాసులో మంచినీళ్ళు తాగేది కాదు. పక్కమంచం తవిటమ్మతో ఓసారి, "నీ పక్కన నిలబడితే నా గౌను మాసిపోతుందే," అంది.

"మాసిన గౌను సాకిరేవుకేస్తారు. నీ నోటినెక్కడెయ్యాలో సెప్పు," అంది తవిటమ్మ.

వీళ్ళిద్దరినీ కలిపి ఈసడించుకునే మనిషి సిస్టర్ ప్రసూనాంబ, పాఠాలు చెప్పేది ఆవిడే. మద్రాసులో చదువుకొచ్చింది. పుట్టిన నిమిషానికీ, మళ్ళీ అయిదో నిమిషానికీ బిడ్డని చూసి మార్కులు వెయ్యడం అక్కడ నేర్చుకుని వచ్చి, వీళ్ళ నెత్తిన పెట్టింది. గుండె, ఊపిరి, కండ బిగువు, గిల్లితే ఉలికిపాటు, రంగు. ఒక్కోదానికి రెండేసి, మొత్తం పది. అప్‌గార్ మార్కులని దాని పేరు. తవిటమ్మ నోట్లో పడి అది అప్పలగారి మార్కులైంది. ఆ తరవాత ఆయాల దగ్గర్నుంచి అందరికీ అప్పలగారే.

"బర్రెలకి చెప్పినా ఈపాటికి సగం వచ్చేది. మీకు గడ్డి దండగ!" అనేది ప్రసూనాంబ, ప్రతి పాఠం చివరా, దీవించినట్టు.

ఓ మధ్యాహ్నం పొందూరు అవతల నుంచి బండి కట్టుకుని అసిరమ్మ అనే ముసలమ్మ కోడలు దాలమ్మని తీసుకొచ్చింది. దాలమ్మ తొలికాన్పు బిడ్డ ఇంట్లోనే పుట్టాడు, ఏడవలేదు, దక్కలేదు. అందుకే ఈసారి ఆస్పత్రి.

"గుంటడో గుంటో, ఏడిస్తే సాలమ్మా. మరేటీ అక్కర్లేదు నాకు," అని కనపడ్డవాళ్ళందరికీ దణ్ణం పెట్టింది అసిరమ్మ. కాన్పుగదిలోకి రావద్దంటే గుమ్మం పట్టుకు నిలబడింది.

బిడ్డ పుట్టాడు. తల్లికి రక్తం ఆగడం లేదు. ప్రసూనాంబ బొడ్డు కోసి, బిడ్డని తువ్వాల్లో జగదీశ్వరి చేతుల్లో పెట్టి, తల్లివైపు తిరిగిపోయింది.

"చూసి చెప్పు. గుండెతో మొదలెట్టు!"

జగదీశ్వరి చూసింది. ఆ వార్డులో ఇన్నాళ్ళకి చూడదగ్గ బిడ్డ! మల్లెపువ్వు! గుండె సంగతి మరిచిపోయింది.

"ఓలమ్మో!" అంది గుమ్మంలోంచి అసిరమ్మ. "దొరబాబునాగున్నాడే నా మనవడు! మా యింటా వొంటా లేదీ తెలుపు!"

"రంగుకి రెండు, సిస్టర్!" అంది జగదీశ్వరి, ఆ తెలుపు తన సొంతమైనట్టు.

ప్రసూనాంబ తల తిప్పింది. "ఏడుపేదీ?"

అప్పుడు వినపడింది, గదిలో ఏడుపు లేదని.

"రెండా! నువ్వు పెళ్ళిచూపులకొచ్చావా, ప్రసవానికొచ్చావా? అది మేనిచాయ కాదే మొద్దూ! రక్తం ఆడని తెలుపు! పెదిమ చూడు, నాలిక చూడు!"

పెదిమ చూసింది. గోడకేసిన సున్నం. చెయ్యెత్తితే తడిగుడ్డలా జారిపోయింది. దబ్బపండు మొహం కూడా సున్నమైంది.

"నా చేతులు ఖాళీ లేవు. గొట్టం పెట్టి నోట్లో జిగురు లాగు. నోటితోనే లాగు! ఏం, ఎంగిలా?"

ఇంకొకరి గ్లాసు ముట్టని మనిషి రబ్బరు గొట్టం పళ్ళ మధ్య పెట్టుకుని పీల్చింది. తవిటమ్మ బిడ్డ ఒళ్ళు తుడుస్తూ రుద్దుతోంది. ఏడుపు లేదు.

"ఇప్పుడు ఊదు. వాడి నోరూ ముక్కూ నీ నోటితో మూసి ఊదు. బుగ్గలో గాలి చాలు, గట్టిగా ఊదితే చిట్టి ఊపిరితిత్తులు చిట్లుతాయి. సన్నాయివాళ్ళ పిల్లవి, బుగ్గలో గాలి పట్టడం కూడా నేనే నేర్పాలా?"

జగదీశ్వరి ఊదింది. ఆగింది. ఊదింది. ఆ క్షణంలో ఆ బిడ్డ ఎవరో, ఏ చాయో ఆవిడ చూళ్ళేదు. చిట్టిరొమ్ము లేస్తోందా లేదా, అదొక్కటే. తవిటమ్మ బొడ్డు మొదట్లో వేళ్ళుంచి, "కొట్టుకుంతంది, బేగి కొట్టుకుంతంది!" అంది. బిడ్డ ఒక్కసారి వెక్కి, ఆపైన ఆస్పత్రి లేచిపోయేట్టు ఏడుపందుకున్నాడు. ఏడుస్తూ ఏడుస్తూ ఎర్రబడ్డాడు. ఆ ఎరుపు వెనకాల అసలు చాయ బయటపడింది. నిగనిగలాడే నేరేడుపండు.

తల్లి రక్తం కూడా అదుపులోకొచ్చింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు, అసిరమ్మ తప్ప.

"అయ్యో, అయ్యో! తెల్లగా పుట్టినోణ్ణి నల్లగా సేసేసినారమ్మా! గొట్టమెట్టి తెలుపంతా పీల్చీసినాదీ నర్సమ్మ! నాను సూత్తనే ఉన్నాను! ఇలాగ ఎందర్ని పీల్చినావే, ఇంత తెల్లగున్నావు?"

తవిటమ్మ గోడవైపు తిరిగి నోట్లో గుడ్డ కుక్కుకుంది. జగదీశ్వరి గడ్డం మీద జిగురు కారుతోంది, తుడుచుకోవడం తోచలేదు.

"అయిదో నిమిషం," అంది ప్రసూనాంబ. "రంగు చెప్పండి, మహారాణీగారూ."

జగదీశ్వరి వేలితో బిడ్డ పెదిమ విప్పి చూసింది. నాలిక ఎర్రగా ఉంది. అరచేతులు విప్పింది, అరికాళ్ళు చూసింది.

"ఒళ్ళు బాగుంది, సిస్టర్. చేతులూ కాళ్ళూ ఇంకా నీలంగా ఉన్నాయి. ఒకటి."

"ఇందాకటి రెండు?"

"సున్నా, సిస్టర్."

"హమ్మయ్య. గడ్డి మొత్తం దండగ కాలేదు," అని ప్రసూనాంబ చేతులు కడుక్కోడానికి వెళ్ళింది.

అసిరమ్మ గుమ్మం దాటి లోపలికే వచ్చేసింది. "ఒకటేనేటి? ఇంకోటెయ్యమ్మా! ఆ అప్పలగారితో సెప్పి ఎయ్యించు! నీ సొమ్మేటి పోయింది?"

"కాసేపు ఆగు మామ్మా," అంది జగదీశ్వరి, ఆ నల్లటి చిట్టిపాదాల్ని తువ్వాల్లో వెచ్చగా చుట్టి రెండు చేతుల్తో పట్టుకుని. "ఎర్రబడనీ. వేస్తాను."

ముసలమ్మ నమ్మలేదు. ఆ నర్సమ్మ నోరు మళ్ళీ మనవడి దగ్గరికి వెళ్ళకుండా, కొంగు అడ్డం పెట్టుకుని కాపలా కూచుంది.