గెడెస్‌ల చోటు

బుధవారం సాయంత్రం ఆస్పత్రి మంచం మీద లాక్లన్ గెడెస్ అడిగింది ఒక్కటే.

"దొరికిందా అక్కా?"

"దొరుకుతుందిలేరా. ముందు సూప్ తాగు."

"సూప్ సంగతి తర్వాత. నన్ను కొండ మీది కొత్త శ్మశానంలో పెట్టారంటే లేచొచ్చి నీ కిటికీ కొడతా."

నలభై ఏళ్లు చేపల పడవల మీద బతికినవాడు. సముద్రం వినపడే పాత చర్చి ఆవరణలో, ముత్తాత తండ్రి అలెక్ కొన్న చోటులోనే పడుకోవాలని అతని పట్టు. ఆ ఆవరణ మూసేసి చాలాకాలమైంది. చోటు కొన్నవారి వంశమేనని కాగితాలతో రుజువు చేస్తేనే అక్కడ తవ్వనిస్తారు. శుక్రవారం కమిటీ కూర్చుంటుంది; మళ్లీ నెల తర్వాతే. లాక్లన్‌కు నెల లేదని డాక్టరు అక్క ఎల్స్‌పెత్‌ను వరండాలోకి పిలిచి చెప్పాడు.

ఆమెకిది కొత్త పని కాదు. కెనడా నుంచీ న్యూజిలాండ్ నుంచీ వచ్చినవాళ్లకు ముప్పై ఏళ్లుగా ఊరి లైబ్రరీలో కూర్చుని తాతముత్తాతలను వెతికిపెట్టింది ఆమే. మొదట కనపడ్డ పేరును నమ్మొద్దని వాళ్లను మందలించేదీ ఆమే.

గురువారం పొద్దున కౌన్సిల్ గుమాస్తా పెట్రీ ఆమె కాగితాలు చదివి కళ్లద్దాలు తీశాడు.

"ఎల్స్‌పెత్ గారూ, చోటు కొన్న రేవు మెట్ల ఇంటి అలెక్ కొడుకు ఫిన్లేకి 1836లో బాప్తిస్మమైంది. మీ ముత్తాత ఫిన్లే 1851 జనాభా లెక్కల్లో మేనత్త గ్రిజెల్ ఇంట్లో ఉన్నాడు. వయసు ఏడు. పదిహేను దాకా ఉండాలి కదండీ?"

"రాసినవాడు తప్పు రాసుంటాడు."

"ఒకటి రెండేళ్లయితే నేనూ సరే అనేవాణ్ని. అప్పట్లో ఈ ఊళ్లో అలెక్ గెడెస్‌లు ముగ్గురు. మీవాడు వేరే అలెక్ కొడుకేమో! ఇదే కాగితం ఇంకొకరు తెస్తే మీరు ఒప్పుకుంటారా?"

ఆమె కాగితాలు సంచిలో సర్దుకుంది. ఒప్పుకోదు మరి.

ఇంటికొచ్చి కాగితాలన్నీ వంటింటి బల్ల మీద పరిచింది. పోసుకున్న టీ చల్లారిపోయింది. అప్పట్లో శవపేటిక మీద కప్పడానికి చర్చి నల్లగుడ్డ ఇచ్చేది. పెద్దవాళ్లకు పెద్దది, పిల్లలకు చిన్నది. ఆ గుడ్డల లెక్క రాసే చర్చి పుస్తకంలోంచి ఎప్పుడో రాసుకున్న వరుస ఒకటి కంటపడింది. "1842 ఫిబ్రవరి. అలెక్ గెడెస్, రేవు మెట్ల ఇల్లు. చిన్న గుడ్డ." బిడ్డ పేరు లేదు. అందుకే అప్పుడు పక్కన పెట్టేసింది.

ఆ పోయింది 1836 నాటి ఫిన్లేనే అయితే? ఊరి ఆచారం ప్రకారం పెద్ద కొడుక్కి తాత పేరు పెట్టాలి. ఆ బిడ్డ పోతే పేరు పోకూడదు. తర్వాతి కొడుక్కి మళ్లీ అదే. వంద కుటుంబాల్లో చూసిన సంగతి తన ఇంట్లో చూడలేకపోయింది.

మరి రెండో ఫిన్లే బాప్తిస్మం ఏది? పాత చర్చి పుస్తకం రెండుసార్లు తిరగేసింది. లేదు. గడియారం నాలుగు కొట్టింది. 1843లో ఊళ్లో సగంమంది పాత చర్చి వదిలి వేరే చర్చి పెట్టుకున్నారు. మనం మాత్రం కదల్లేదని నాయనమ్మ గొప్పగా చెప్పేది. ఆ గొప్ప నమ్మి ఎల్స్‌పెత్ ఆ వేరే చర్చి పుస్తకం ఏనాడూ తెరవలేదు. చర్చిలు మళ్లీ కలిశాక అదేమో చర్చి హాలు బీరువాలోనే ఉంది. ఆదివారాలు అక్కడ టీ పెట్టేది ఆమే. తాళంచెవి ఆమె సంచిలోనే ఉంది.

కప్పుల పెట్టెల కింద దొరికిందది. చెమ్మకు పేజీలు అతుక్కుపోయాయి. కత్తి మొనతో ఒక్కొక్కటే విడదీసింది, చిరిగితే అంతే. 1843 డిసెంబర్. అలెక్ గెడెస్, రేవు మెట్ల ఇల్లు. కొడుకు ఫిన్లే. సాక్షి, మేనత్త గ్రిజెల్.

శుక్రవారం పెట్రీ దాన్ని మూడుసార్లు చదివాడు. కమిటీ గది తలుపు మూసుకుని, గంటకు తెరుచుకుంది. బయటికొచ్చిన పెట్రీ సరేనన్నట్టు తలూపాడు.

ఆస్పత్రిలో లాక్లన్ కళ్లు మూసి ఉన్నాయి.

"ఒరే, చోటు మనదే."

ఆమె మంచం అంచు పట్టుకుంది. అతని పెదాలు మెల్లగా కదిలాయి.

"ఎలా?"

చెప్పింది, చిన్న గుడ్డ దగ్గర్నుంచి.

"ఆరేళ్లవాడా? వాడూ అక్కడేనా?"

"అక్కడే."

"కాస్త జరగమని చెప్పు. నావి పొడుగు కాళ్లు." కళ్లు తెరిచి, "ఆ సూప్ ఇంకా ఉందా?" అన్నాడు.