గీసిన సంతకం

ఈ రోజు ఆదోని బజారులో ఒక సినిమా హీరోయిన్ సంతకం కొనబోయి ఆగిపోయాను. ఎమ్మిగనూరులో ఉండే మా అక్కకు ఆమె అంటే ప్రాణం. ఆపరేషనై మంచం మీదున్న అక్కకు రేపు ఇద్దామని, పాత సామాన్ల అంగట్లో సంతకం ఉన్న ఫోటో ఒకటి బేరం చేశాను. కానీ అది అసలుదేనా అన్న అనుమానం వదల్లేదు. నాకు అనుమానం రాని విషయమంటూ ఏముంది!

పక్కనే అంగడి బోర్డు రాస్తున్న పెయింటరు మస్తాన్ గారికి సంగతి చెప్పి చూపించాను. కుంచె చెవిమీద పెట్టుకుని, ఫోటోను ఎండకు పట్టి చూశారు.

"సంతకం ఎవురైనా బిరబిరా పెడతారమ్మా. ఈడ సూడు, వంపు వంపుకూ పెన్ను నిలబడింది, ఇంకు ముద్దయింది. ఇది సూసి గీసింది."

అంగడాయన మండిపడ్డాడు. "యాపారం సెడగొట్టొద్దు భాయ్! నువ్వేమన్నా దగ్గరుండి సూసినావా?"

"గీసిందే నేను కదప్పా! టాకీసు మేనేజరు ఫోటోల కట్ట ఇచ్చి గీయమని సెప్పినాడు, పొట్టకూటికి గీసినాను. బాగలేని మనిసికి దొంగది ఇస్తే ఎట్ల?"

అంగడాయన ఫోటో తీసుకుని లోపల పెట్టేశాడు. మస్తాన్ గారు మళ్లీ బోర్డు వైపు తిరిగి అక్షరం దిద్దుకోసాగారు.

ఫోటో కొనలేదు. అక్కకు బత్తాయిలు తీసుకున్నాను. తనకూ ఆ మేనేజరుకూ తప్ప ఎవరికీ తెలియని పాత తప్పును అలా నడిబజారులో ఒప్పుకోవడం నావల్ల అయ్యేదా అని ఇందాకటి నుంచీ ఆలోచిస్తున్నాను. నేనైతే "అసలుదే లెండి" అని ఊరుకునేదాన్నేమో. మరి మీరు?