గజ్జెలో ఇరుక్కున్న పిన్ను

మా ఆయనకు కుడి చెయ్యి పడిపోయిన మూడో నెలలో మేము డ్రమ్ము మిషను తెచ్చుకున్నాం.

అంతకుముందు ఇరవై ఏళ్లకు పైగా ప్రొద్దుటూరులో ఆయన చేసింది ఒక్కటే పని. పోత పోసి తెచ్చిన ఇత్తడి గజ్జెలను చింతపండు నీళ్లలో నానబెట్టి, తీగల బ్రష్షుతో ఒక్కొక్కటీ తోమి మెరిపించేవాడు. జమ్మలమడుగు, పులివెందుల వైపు పల్లెల్లో చెక్కభజన ఆడేవాళ్లు కాళ్లకు కట్టుకునేవి అవి. ఒకరోజు పొద్దున తోముతూ తోముతూ బ్రష్షు జారవిడిచాడు. తీసుకున్నాడు, మళ్లీ జారింది. "ఏందో మే, చెయ్యి మొద్దుబారింది" అని నావైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు ఒక పక్కకే వచ్చింది. ఆసుపత్రికి చేరేసరికి మాట కూడా పోయింది. నెల తిరిగేలోగా మాట వచ్చింది, కాలు ఈడుస్తూ నడవడం వచ్చింది. చెయ్యి మాత్రం రాలేదు.

తోమడం నాకు చేతకాలేదు. నేను తోమినవి ఆయన చూసి పక్కన పెట్టేవాడు. అందుకే మిషను. డ్రమ్ములో గజ్జెలు, నీళ్లు, కొంచెం సబ్బు, చిటికెడు నిమ్మ ఉప్పు, వాటితోపాటు స్టీలు ముక్కలు వేసి తిప్పితే, ఆ స్టీలే రాసుకుని రాసుకుని ఇత్తడిని తోముతుంది. మిషను బిగించిన మెకానిక్కు పోతూ పోతూ ఒక మాట చెప్పాడు. "మిషనుదేముందక్కా, ఏదైనా తిరుగుతాది. లోపలేసే స్టీలు చూసి తీసుకోండి."

ఇద్దరం ఆటోలో దుకాణానికి వెళ్లాం. దుకాణమాయన చిన్న చిన్న పళ్లేల్లో రకాలు పోసి పెట్టాడు. సన్న పిన్నులు, లావు పిన్నులు, ఆవగింజంత గోళీలు, చుట్టూ అంచున్న గింజలు. వివరమంతా నాకే చెప్తున్నాడు. పక్కనే స్టూలు మీద కూర్చున్న మనిషిని చూడనట్టే ఉన్నాడు.

"ఆయన్నడుగప్పా. ఇత్తడి సంగతి ఆయనకే తెలుసు" అన్నాను.

మా ఆయన ఎడమ చెయ్యి చాచాడు. ఒక్కో రకం అరచేతిలో పోయించుకుని, గుప్పిట మూసి కాసేపు అట్లాగే ఉన్నాడు. ఆ రోజు ఏదీ కొననివ్వలేదు. ప్రతి రకంలో చిటికెడు కాగితాల్లో పొట్లం కట్టించుకుని వచ్చి, నాలుగు గ్లాసుల్లో ఉప్పునీళ్లు పోయించి, నాచేత ఒక్కో గ్లాసులో ఒక్కో రకం వేయించాడు. మూడో రోజుకు గింజలున్న గ్లాసులో నీళ్లు ఎర్రబారాయి. "చూసినావా? ఇది స్టీలు కాదు, ఇనుము. దీంతో తిప్పింటే గజ్జెలన్నీ మచ్చలు పడుండు" అన్నాడు. చెయ్యి పడిపోయాక ఆయన గొంతులో ఆ ధీమా వినడం అదే మొదలు.

చివరికి సన్న పిన్నులు కావాలన్నాడు. "గోళీ పైపైనే పొర్లుతాది మే. పూల చెక్కడం సందుల్లోకి పోవాలంటే ఇదే."

ఆయన చెప్పింది నిజమే. కొత్త పిన్నులను మొదట గజ్జెలు లేకుండా రెండుసార్లు తిప్పి, వాటి నల్లనీళ్లు పారబోసి, తర్వాత గజ్జెలు వేశాం. బయటికి తీసినప్పుడు ఎట్లా మెరిశాయంటే, ఆయన చేత్తో తోమిన రోజుల్లో కూడా అంత మెరుపు నేను చూడలేదు. ఆ మాట పైకి అనలేదు.

పది రోజులకు జమ్మలమడుగు దగ్గర ఒక పల్లె నుంచి చెక్కభజన గురువు సంచి పట్టుకుని వచ్చాడు.

"మామా, గజ్జెలు మూగబోయినాయి. పది కట్టుకుంటే మూడు పలకల్యా."

మా ఆయన ఒక గజ్జె తీసుకుని చెవి దగ్గర ఆడించాడు. వెలుతురుకేసి పెట్టి నోట్లోకి చూశాడు. రెండు పిన్నులు లోపలికి దూరి, అడ్డం పడి, పలికే గుండును కదలకుండా పట్టేశాయి. ఆయన ముఖం పాలిపోయింది. "తప్పు నాదే అప్పా, కూచో, తీసిస్తా" అన్నాడు.

ఆ రోజు నుంచి అదొక పని అయింది. డ్రమ్ములోంచి తీసిన గజ్జెలను నేను తుడిచి, ఎండలో గుడ్డ మీద ఆరబోసేదాన్ని. ఆయన వరండాలో కూర్చుని ఒక్కొక్కదాన్నీ చెవి దగ్గర ఆడించి, మూగదాన్ని రెండు మోకాళ్ల మధ్య ఇరికించుకుని, కొన వంచిన తీగతో పిన్నులు బయటికి లాగేవాడు. ఎడమ చెయ్యి. అలవాటు లేని చెయ్యి. ఒక గజ్జెకు ఒక్కోసారి అరగంట పట్టేది. తీగ జారి వేలికి గుచ్చుకునేది. అన్నానికి పిలిస్తే "ఇంగ రెండే" అనేవాడు. అవి ఎప్పుడూ రెండు కావు.

అది చూసి, ఈ మనిషికి ఈ అవస్థ ఏమిటి అనుకునేదాన్ని. అదే రోజుల్లో ఆయన గడ్డం గీసుకోవడం మళ్లీ మొదలుపెట్టాడు. ఉతికిన చొక్కా అడిగేవాడు. పక్కింటి ముస్లిం అక్క "మీ ఆయన ముఖం తేటగుండాదే" అంటే అది మందుల గుణం అనుకున్నాను.

నీళ్లు పారబోసినప్పుడల్లా కొన్ని పిన్నులు కాలవలో పోయేవి. అవి తగ్గిపోయాక మళ్లీ తేవడానికి నేను ఒక్కదాన్నే వెళ్లాను. ఆయన్ని ఆటో ఎక్కించి దించడం ఎందుకులే అనుకున్నాను. గజ్జె ఒకటి చెంగున కట్టుకుపోయి దుకాణంలో చూపించాను. దాని నోట్లో పట్టనంత లావు పిన్నులు, వాటిలో కలపడానికి పిన్నుల సందుల్లో ఇమిడే గోళీలు దుకాణమాయన ఏరి ఇచ్చాడు. గోళీలు నోట్లోకి పోతాయేమోనని నేనే ఒక్కో సైజూ పెట్టి చూసి, పట్టనివే తీసుకున్నాను. నా తెలివికి నేనే మురిసిపోతూ ఇంటికి వచ్చాను.

మొదటి దఫాలో ఒక్క గజ్జెలో కూడా పిన్ను ఇరుక్కోలేదు. గుడ్డతో సహా ఎత్తుకుపోయి ఆయన ముందు పెట్టాను. ఒకటొకటే చెవి దగ్గర ఆడించాడు. అన్నీ పలికాయి. పొద్దు నెత్తికి రాకముందే అయిపోయింది.

"బాగుండాయా?"

"బాగుండాయి. చెక్కడం సందుల్లో రవ్వంత నలుపుండాది. అది ఎవురికీ కనపడదులే."

తీగను కిటికీలో పెట్టాడు. తర్వాతి దఫాకూ అంతే. మూడో దఫాకు గజ్జెలు ఆడించి చూడమంటే, "పలుకుతాయిలే మే, ఏముండాది చూసేకి" అన్నాడు. వరండాలోకి రావడం తగ్గింది. మంచం మీద గోడవైపు తిరిగి పడుకునేవాడు. గడ్డం పెరిగింది. నేను పురి తిప్పిన దారాలిచ్చి గజ్జెలు గుచ్చమన్నాను. ఒక చేత్తో ఆ పని కాదని ఇచ్చాకగానీ నాకు తట్టలేదు.

నా చేతులతో నేను ఆయన దగ్గర్నుంచి ఏం తీసేసుకున్నానో అప్పటికి తెలిసింది. మర్నాడు డ్రమ్ము మూసేముందు, పిన్నుల డబ్బా అడుగున మిగిలిన పాత సన్నవి గుప్పెడు తీసి లోపల వేశాను. గజ్జెలు ఆరబెట్టి, ఏమీ ఎరగనట్టు "ఇవి పలకల్యా, చూడయ్యా" అని ఇచ్చాను.

లేచి కూర్చున్నాడు. తీగ అడిగాడు. మొదటి గజ్జెలోంచి పిన్ను లాగి, అరచేతిలో వేసుకుని చాలాసేపు చూశాడు.

"ఇది పాతది కదా?"

నేను గుడ్డ మీద గజ్జెలను అటూ ఇటూ సర్దాను.

"ఏంటికేసినావు?"

"నీకు పొద్దుపోతాదని."

ఆయనకు కోపం వస్తే బాగుండేది. రాలేదు. "నువ్వు మంచి స్టీలే తెచ్చినావు మే. దాంతోనే తిప్పు. నా కోసరం గజ్జెలు చెడగొట్టద్దు" అన్నాడు. ఆ దఫాలో ఇరుక్కున్నవన్నీ ఓపిగ్గా తీసి పెట్టాడు. ఒక్కటి కూడా వదల్లేదు. అంతటితో ఆ పని అయిపోయింది.

రెండు నెలల తర్వాత ఒక గురువారం నేను పులివెందులలో గజ్జెలు ఇచ్చి వస్తున్నాను. బస్సు ముద్దనూరు దాటుతుండగా పక్కింటి అక్క ఫోను చేసింది. ఎవరో చెప్పమన్నట్టు, "నువ్వు నిదానంగా రా అమ్మీ, తొందరేం లేదు" అంది. తొందర లేదనడంతోనే నాకు అర్థమైంది. ఒళ్లో ఖాళీ సంచి ఉంటే దాన్ని మడతలు పెడుతూ కూర్చున్నాను. పక్కన కూర్చున్నావిడ ఏమైందమ్మా అని అడిగింది. ఏమీ లేదన్నాను. మధ్యాహ్నం టీ తాగి పడుకున్నవాడు మళ్లీ లేవలేదట.

పని మానలేదు. ఇప్పుడు కూడా ఆ లావు పిన్నులు, గోళీలతోనే తిప్పుతున్నాను. చెక్కడం సందుల్లో నలుపు నాకూ కనిపిస్తోంది. దుకాణానికి ఆ రెండోసారి ఆయన్ని కూడా తీసుకుపోయి ఉంటే ఏ పిన్ను ఏరేవాడో అనుకుంటాను. ఆటో ఎక్కించడం అంత కష్టమేమీ కాదు.

పోయిన నెలలో రాజుపాలెం నుంచి ఒకాయన పాత గజ్జెల మూట తెచ్చాడు. వాకిట్లో నిలబడి, "ఈడ గజ్జెలు తోమే ఆయప్ప లేడా?" అని అడిగాడు.

లేడని చెప్పి, మూట అందుకుని లోపలికి వచ్చాను.