ఇరవై ఒక్క దినాల కట్టు

పోయిన నెల కుడి మణికట్టు వాచి చెంబు కూడా ఎత్తలేకపోతుంటే, మహబూబ్‌నగర్‌లో కొత్తగా పెట్టిన ఎముకల దవాఖానకు పోయాను. నా మనవరాలి వయసున్న డాక్టరమ్మ ఎక్స్‌రే తీయించి, తెర మీద బొమ్మ పడగానే కుర్చీ ముందుకు జరుపుకొని, పక్క గదిలోని ఇద్దరు కుర్ర డాక్టర్లను కూడా పిలుచుకొచ్చింది. ముంజేతి ఎముక మీద ఉక్కు పట్టీ, దానికి ఆరు మరలు, అరవై ఏళ్ల కిందట బిగించినవి బిగించినట్టే ఉన్నాయి. ఇట్లాంటి మరలు వాళ్లు పుస్తకాల్లో కూడా చూడలేదట. ముగ్గురూ తవ్వకాల్లో రాగి బిందె దొరికినట్టు మురిసిపోతుంటే, ఆ బిందె నేనే కాబట్టి ఊరుకున్నాను. ఈ ఆపరేషన్‌కు ముందు నాటు కట్టు ఏమైనా కట్టించారా, ఎవరు కట్టారు తాతా అని అడిగింది. ఎవరో కట్టారులెమ్మా అన్నాను. అట్లా ఎందుకన్నానో ఇంటికొచ్చేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను.

కట్టింది మా బాపు.

మాది మక్తల్ దిక్కు పల్లె, గొర్లు కాసుకునే ఇల్లు. నా ఈడు వాళ్లకు చెప్పనక్కరలేదు, ఆ రోజుల్లో చెయ్యి విరిగితే దవాఖాన మాట ఎవరికీ తట్టేది కాదు. కాలు విరిగిన గొర్రెపిల్లను చుట్టుపక్కల ఐదారు ఊర్ల నుంచి మా వాకిట్లోకే తెచ్చేవాళ్లు. బాపు కళ్లు మూసుకొని దాని కాలు వేళ్లతో తడిమి, ఎముక సరిచేసి, గుడ్డు తెల్లసొనలో మినప్పిండి కలిపి పూసి, మెత్తటి ఉన్ని చుట్టి, వెదురు బద్దలు పెట్టి కట్టేవాడు. గోడ మీద బొగ్గుతో రోజుకో గీత గీసేవాడు. ఇరవై ఒకటో గీత నాడు కట్టు ఇప్పితే పిల్ల లేచి తల్లి దగ్గరికి ఉరికేది. ఒక్కటీ కుంటినట్టు నాకు జ్ఞాపకం లేదు. ఆ చేతుల మీద ఊరికెంత నమ్మకమో నాకు అంతకు రెండింతలు.

నా పంతొమ్మిదో ఏట మేకలకు ఆకు కొడదామని తుమ్మచెట్టు ఎక్కి, జారి, అరచెయ్యి నేలకు ఆనించి పడ్డాను. బాపు అదే మినప్పిండి పూశాడు, అవే బద్దలు కట్టాడు, గోడ మీద అవే గీతలు గీశాడు. ఇరవై ఒకటో నాడు ఇప్పి, చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసి, "కలిసింది బిడ్డా, లే" అన్నాడు. అది ఉన్ని కత్తిరించే కాలం కావడంతో కత్తెర నా చేతికే ఇచ్చాడు. మూడో గొర్రె దగ్గర మణికట్టు లోపల ఏదో పక్కకు జారింది, కత్తెర కింద పడింది. గొర్రెపిల్ల గడువు మనిషి ఎముకకు చాలదని ఆయనకు ఎవరు చెప్పాలి? మళ్లీ కట్టాడు, మళ్లీ ఇరవై ఒకటికి ఇప్పాడు, ఇంకోసారి కూడా అంతే. నమ్మి చెడినవాడు లేడంటారు, నన్ను చూడలేదు కాబోలు. ఏడాది తిరిగేసరికి కీలు లేని చోట నా చెయ్యి కీలున్నట్టు వంగేది. కత్తెర పట్టలేని కొడుకు గొర్లకాపరి ఇంట్లో ఏం చేసుకొని బతకాలి? ఆ మాట ఎవరూ పైకి అనలేదు గానీ అందరి మనసుల్లోనూ అదే ఉండేది.

నందికొండ డ్యాము కట్టే దగ్గర రాతిపని మేస్త్రీగా ఉన్న మేనమామ ఒకసారి వచ్చి చూసి, నన్నూ బాపునూ పట్నం పెద్ద దవాఖానకు తోలుకపోయాడు. అక్కడి డాక్టరు ఎక్స్‌రేను కిటికీ వెలుతురుకు పెట్టి, విరిగిన రెండు కొసల మధ్య నల్లటి సందు చూపించాడు. కలవక ముందే కదిలించడం వల్ల ఎముక బదులు నార పెరిగిందని, ఆ కొసలు చెక్కి, తుంటి నుంచి ఎముక ముక్క తీసి మధ్యలో పెట్టి, మీద ఉక్కు పట్టీ వేసి మరలు బిగించాలని చెప్పాడు. బాపు రెండే అడిగాడు. "గా ఇనుము తుప్పు పట్టదా సారూ?" అన్నది మొదటిది, ఏటా కత్తెరకు నూనె రాసే మనిషి కదా. డాక్టరు నవ్వి, పట్టదన్నాడు. "ఎన్ని దినాలకు ఇప్పుతరు?" అంటే, మూడు నెలలైనా పడుతుందన్నాడు. బాపు వేలి కణుపుల మీద లెక్కపెట్టడం మొదలుపెట్టి, మధ్యలోనే ఆపేసి, గొంగడి కప్పుకొని వరండాలో కూర్చున్నాడు.

నాకు కోపం రాలేదు, జాలీ కలగలేదు. తినమంటే తిన్నాను, పడుకోమంటే పడుకున్నాను. ఆపరేషన్ తరువాత బొటనవేలి మొదట్లో రూపాయి బిళ్లంత మేర స్పర్శ పోయింది, ఇప్పటికీ రాలేదు. ఆ ఏడాది నా లోపలంతా అట్లాగే ఉండేది.

ఎముక మాత్రం కలిసింది. చెయ్యి పూర్తిగా తిరగకపోయినా కలం పట్టుకుంటుందని మామ నందికొండలో కూలీల హాజరు రాసే పని చూశాడు. నేను బయల్దేరే ముందు రోజు మా మందలో ఒక పిల్ల బండల సందున కాలు విరగ్గొట్టుకుంది. నా చెయ్యి సంగతి బయటపడ్డాక బాపు ఎవరి గొర్రెపిల్లనూ ముట్టలేదు, చూపు ఆనతలేదని తిప్పి పంపేవాడు. ఇది ఇంటిది, తప్పలేదు. కట్టు కట్టి, చివరి ముడి వేస్తూ, నా దిక్కు చూడకుండా, "ఎన్ని దినాలకు ఇప్పాలెరా?" అన్నాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి ఆయన ఆ మాట ఎవరినీ అడగ్గా వినలేదు. నేనేమో, "నన్నడుగుతవేంది, పట్నం డాక్టర్‌ను అడుగు" అన్నాను. కోపంతో కూడా కాదు, ఉత్తగా అన్నాను.

నాలుగు నెలలకు సెలవు మీద ఇంటికొస్తే, మంద తోలుకొస్తున్న బాపు వెనకాల ఆ పిల్ల, అప్పటికి బాగా ఎదిగింది, వెనక కాలు కర్రలాగా చాపి ఈడ్చుకుంటూ వస్తోంది. గోడ దగ్గరికి పోయి చూశాను. బొగ్గు గీతలు ఇరవై ఒకటి దాటి దర్వాజ దాకా పోయాయి. తొంభై ఉన్నాయి. పిల్ల ఎదిగిన కొద్దీ కట్టు వదులు చేసి మళ్లీ కడుతూ మూడు నెలలూ ఉంచాడని, ఇప్పేసరికి కీలు బిగుసుకుపోయిందని అమ్మ చెప్పింది. బాపూ నేనూ కూర్చొని అన్నం తిన్నాం.

ఇప్పుడు పశువుల డాక్టరు మోటారు సైకిల్ మీద వాకిట్లోకే వస్తున్నాడు. మనుషులకైతే ఇవాళ పట్టీ వేసి ఎల్లుండికి ఇంటికి పంపుతున్నారు, ఎన్ని దినాలో కాగితం మీద రాసిస్తున్నారు, ఎవరూ ఎవరినీ అడగనక్కరలేదు. పట్టీ తీసేయమంటారా తాతా అని డాక్టరమ్మ అడిగితే ఉండనీ అన్నాను. తుప్పు పట్టలేదు కదా అని నేనడిగితే ఆమె కూడా నవ్వింది.

బాపు పోయి నలభై ఏళ్లు దాటింది. ఆ దినం ఆయన అడిగినదానికి జవాబు నాకు తెలుసు, నేర్పింది ఆయనే. ఇరవై ఒక్క దినాలు, బాపూ. గొర్రెపిల్లకు నువ్వు ఎన్నడూ తప్పలేదు.