సుందర్ రాజ్ మాస్టారి సవినయ అభ్యంతరం

విశాఖపట్నంలోని ఒక ప్రైవేటు కళాశాలలో సుందర్ రాజ్ మాస్టారు జంతుశాస్త్ర శాఖకు అధిపతి. 2006 నాటికి శాఖ కూడా ఆయనే. మిగిలిన ఇద్దరూ రిటైరయ్యారు, పిల్లలంతా కంప్యూటర్ల వైపు వెళ్ళారు. అయినా నెలకోసారి శాఖా సమావేశం జరపాలని నిబంధన ఉంది కనక, ఆయన తలుపు దగ్గరగా వేసుకుని, తానే ప్రతిపాదించి, తానే బలపరిచి, ఏకగ్రీవంగా ఆమోదించుకుని, టీ తాగి లేచేవారు.

పెళ్ళి చేసుకోలేదు. సీతమ్మధారలో మేడ మీద గది. ఆదివారం చర్చిలో నలుగురితో కలిసి పాడేవారు. తక్కిన రోజుల్లో ఆయన గొంతుకు పెద్దగా పని ఉండేది కాదు.

ఆయనకున్న వ్యవహారమల్లా ఒక గుల్లతో. ఓడల అడుగున అంటుకుని ఎక్కడెక్కడి రేవుల నుంచో వచ్చే, ఆల్చిప్పలాంటి పరాయి గుల్ల అది. చెక్కపలకలకు తాడు కట్టి హార్బరు నీళ్ళలో వేలాడదీసి, ఏ కాలంలో ఎంత గుల్ల పట్టిందో ఎనిమిదేళ్ళుగా చూస్తున్నారు. పడవ నడిపే వరహాలుకు ఈ తపస్సు అంతుపట్టేది కాదు.

"ఏటి మాస్టారూ, సేపలైతే కూరొండుకుంతారు. ఈ గుల్లనేటి సేత్తారు?"

"చూస్తాను వరహాలూ."

"సూసి?"

"రాసుకుంటాను."

"బాగుంది! అది సదివేదెవులు?"

ఆ ప్రశ్నకు జవాబు ఆ ఏడాదే దొరికేలా కనిపించింది. నార్వేలో హాల్వర్సన్ అనే ప్రొఫెసరు, ప్రపంచంలోని రేవుల్లో ఈ గుల్ల ఎక్కడెక్కడ ఉందో తేల్చడానికి ఇంటర్నెట్లో ఒక ఉమ్మడి పేజీ తెరిచి, పాతిక దేశాలవాళ్ళను పిలిచాడు. ఎవరైనా రాయవచ్చు, ఎవరు రాసింది ఎవరైనా దిద్దవచ్చు. డిసెంబరు ఆఖరున పేజీకి తాళం పడుతుంది. అప్పటికి అందులో ఉన్నదే పుస్తకంగా అచ్చవుతుంది. మాస్టారికీ పిలుపొచ్చింది. నెట్ సెంటర్లో కూర్చుని తెరిస్తే, సాక్షాత్తూ హాల్వర్సన్ గారు రాసిన వాక్యం ఎదురైంది: "విశాఖపట్నం రేవులో ఈ గుల్ల లేదు."

అది అలాగే అచ్చయితే మాస్టారి ఎనిమిదేళ్ళూ లేనట్టే.

నెట్ సెంటర్ నడిపే ఉమాశంకర్‌ది భీమవరం వైపు. భుజం మీదుగా తొంగిచూశాడు.

"పక్కనే ఎడిట్ అని ఉంది కదండీ. కొట్టిపారెయ్యండి."

"ఆయన నాకంటే పెద్దవాడయ్యా. పదిమంది ఎదుట పెద్దాయన మాట కొట్టేస్తే ఏం బాగుంటుంది?"

"ఆయనే దిద్దమన్నాడు కదండీ!"

"అనడం ఆయన మర్యాద. దిద్దకపోవడం మన మర్యాద."

"మీ ఇద్దరి మర్యాద మధ్యా గుల్ల గల్లంతయిపోద్దండి."

మాస్టారు వాక్యాన్ని ముట్టుకోలేదు. చర్చల కోసం విడిగా ఉంచిన పేజీలోకి వెళ్ళి, "తమ అభిప్రాయం పట్ల అపార గౌరవంతో సవినయంగా మనవి చేసుకునేదేమంటే" అని మొదలుపెట్టి, లెక్కలూ ఫోటోలూ జతచేసి, "తగు ఉత్తర్వుల కోసం వేచి ఉంటాను" అని ముగించారు. ఉత్తర్వులు రాలేదు. మరో మనవి పెట్టారు. దాన్ని గుర్తు చేస్తూ ఇంకొకటి. చర్చల పేజీలో చర్చంతా ఆయనదే. శాఖా సమావేశాల అనుభవం ఇక్కడ అక్కరకొచ్చింది.

డిసెంబరు వెళ్ళింది. తాళం పడింది. వాక్యం లోపలే ఉండిపోయింది.

జనవరిలో హాల్వర్సన్ నుంచి మెయిల్ వచ్చింది. "మీ ఫోటోలు చూశాను. నేను రాసింది తప్పే. ఎవరి రేవు గురించి వాళ్ళే దిద్దాలి కదా, మీరు దిద్దుతారని చూశాను. దిద్దలేదు కనక మీకే అనుమానం ఉందనుకున్నాను. ఎందుకు దిద్దలేదు?"

మాస్టారు జవాబు రాయబోయారు. గౌరవం కొద్దీ అని రాస్తే, గౌరవం ఉన్నవాడివి నా చేత తప్పెందుకు అచ్చేయించావని అడుగుతాడు. ఏమీ రాయకుండానే లేచారు.

రెండేళ్ళ తర్వాత రెండో కూర్పు కోసం పేజీ మళ్ళీ తెరిచారు. మాస్టారు వెళ్ళి, సవినయాన్ని వెంట తీసుకెళ్ళకుండా, "లేదు" చెరిపి "ఉంది" అని రాసి బయటికొచ్చేశారు.

ఇక అక్షింతలు పడతాయని ఆ వారమంతా రోజూ వెళ్ళి చూసుకున్నారు.

"ఎవరన్నా ఏమన్నా అన్నారాండీ?"

"లేదయ్యా."

"మంచిదే కదండీ. ఒప్పేసుకున్నట్టే."

"ఒప్పుకున్నట్టే," అన్నారు మాస్టారు. "ఒక్కడైనా తిడితే బాగుండేది. రెండు ముక్కలు మాట్లాడుకునేవాళ్ళం."

ఉమాశంకర్ కంప్యూటర్ కట్టెయ్యబోయి ఆగాడు.

"ఇంకాసేపు ఉంచమంటారాండీ?"

"ఉంచు," అని మాస్టారు కుర్చీ దగ్గరకు జరుపుకున్నారు.